చైనా యువజన సంఘం, గతితర్కం: సిద్ధాంతం ఒకదారి, పని ఒకదారి ఎందుకైంది? (చర్చ)

కృష్ణలంక_చదువరి

నమస్కారం అందరికీ. వచ్చే ఆదివారం మా స్టడీ సర్కిల్‌లో నేను మాట్లాడాలి. విషయం: అధికారంలో ఉన్న కమ్యూనిస్టు పార్టీ యువతతో ఎలా పనిచేస్తుంది. చైనా తీసుకున్నాను. నెల రోజులుగా చదువుతున్నాను, నోట్సు నలభై పేజీలు దాటింది, కానీ ఒకచోట ఆగిపోయాను.

అక్కడి పార్టీ పత్రాల్లో యువజన పని అనగానే గతితర్కం, అంటే ఎదురెదురు శక్తుల లాగులాట (వైరుధ్యం) వల్లే ఏదైనా మారుతుందనే ఆలోచనా పద్ధతి, వచ్చేస్తుంది. వైరుధ్యాల్ని గుర్తించాలి, ప్రధాన వైరుధ్యాన్ని పట్టుకోవాలి, యువతను మారుతున్న శక్తిగా చూడాలి, ఇలా. 2015 జనవరిలో పొలిట్‌బ్యూరో అంతా కూర్చుని గతితార్కిక భౌతికవాదం మీద క్లాసు పెట్టుకుంది. అదే ఏడాది జులైలో ప్రజాసంఘాల మీద పెద్ద సమావేశం జరిపి, సంఘాలు ఆఫీసుల్లా తయారయ్యాయి, పరిపాలనా శాఖల్లా నడుస్తున్నాయి, దొరల వ్యవహారంగా, వినోద కార్యక్రమాలుగా మారిపోయాయి అని పార్టీయే గట్టిగా విమర్శించింది. 2016 ఆగస్టులో పార్టీ కింద నడిచే యువజన సంఘాన్ని సంస్కరించే ప్రణాళిక, 2017 ఏప్రిల్‌లో 14 నుంచి 35 ఏళ్ల వాళ్ల కోసం యువజన అభివృద్ధి ప్రణాళిక వచ్చాయి.

ఇంత చేశాక కూడా 2021లో అక్కడి కుర్రాళ్లు "తాంగ్‌పింగ్" అని, అంటే ఈ పరుగు మావల్ల కాదు, ఇక పడుకుండిపోతాం అని ఎందుకన్నారు? సిద్ధాంతంలో తప్పా, అమలులో తప్పా, లేక నేను అడగాల్సిన ప్రశ్నే వేరా? పెద్దవాళ్లు చెప్పండి.

ఒంగోలు_మాస్టారు

అధికారంలో ఉన్న పార్టీ అన్నావు చూడు బాబూ, ముడి అంతా అక్కడే ఉంది.

1922 మే నెలలో గ్వాంగ్‌జౌలో ఈ సంఘం మొదటి మహాసభ జరిగింది. అప్పటికి దాని పేరు సోషలిస్టు యువజన సంఘం. 1925లో కమ్యూనిస్టు యువజన సంఘం అయింది. ఆ రోజుల్లో అందులో చేరితే ఉద్యోగం రాదు, ప్రమోషన్ రాదు, తల పోవచ్చు. అయినా చేరారు. 1949 తర్వాత అదే సంఘంలో సభ్యత్వం ఉంటే నాలుగు తలుపులు తెరుచుకుంటాయి. సంఘం అదే, కానీ యువకుడికీ అధికారానికీ మధ్య సంబంధం తలకిందులైంది. గతితర్కం చదివినవాడు ముందు ఈ మార్పును చూడాలి. చాలామంది చూడరు, 1919 మే 4 విద్యార్థి ఉద్యమం దగ్గర్నుంచి ఇవాళ్టిదాకా ఒకటే సూటి గీత గీసేస్తారు.

మావో దీన్ని కొంత పట్టుకున్నాడు. 1953 జూన్‌లో యువజన సంఘం రెండో మహాసభ అధ్యక్షవర్గంతో మాట్లాడుతూ, సంఘం పార్టీ ముఖ్యమైన పనులతో కలిసి నడవాలి, కానీ అలా నడుస్తూనే తనకంటూ స్వతంత్రమైన పని ఉండాలి, యువత ప్రత్యేకతల్ని లెక్కలోకి తీసుకోవాలి అన్నాడు. ఆరోగ్యం బాగుండాలి, చదువు బాగుండాలి, పని బాగుండాలి అని మూడు మాటలు చెప్పాడు. పిల్లలకు ఆట కావాలి, విశ్రాంతి కావాలి, కంటినిండా నిద్ర కావాలి అని కూడా చెప్పాడు. దేశాన్ని ఏలే మనిషి యువజన నాయకులతో నిద్ర గురించి మాట్లాడటం నాకు చాలా గొప్పగా అనిపించింది చదివినప్పుడు.

ఆ మాటల్లో రెండు కొసలున్నాయి. పార్టీతో ఐక్యత ఒక కొస, స్వతంత్రమైన పని రెండో కొస. రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటేనే సంఘంలో ఊపిరి ఉంటుంది. నా ఉద్దేశంలో అక్కడ మొదటి కొస మాత్రమే మిగిలింది. నీ క్లాసుకు ఈ ఒక్క విషయం చాలు.

సిల్కుదారి

మాస్టారూ, మీరంటే గౌరవం, కానీ ఇది ఒకవైపు మాట.

నేను పని మీద ఆరేళ్లలో పదకొండుసార్లు చైనా వెళ్లాను, ఎక్కువగా షెన్‌జెన్, దోంగ్‌వాన్. నాకు భాష అంతంతమాత్రం, అందుకే పత్రాల గురించి మాట్లాడను, పని గురించి మాట్లాడతాను. 1989లో యువజన సంఘం వాళ్ల ఫౌండేషనే "హోప్ ప్రాజెక్టు" మొదలుపెట్టి, బడి మానేసిన పల్లె పిల్లల కోసం డబ్బు పోగుచేసి బళ్లు కట్టించింది. 2003 నుంచి డిగ్రీ అయిన పిల్లల్ని పశ్చిమ రాష్ట్రాలకు వాలంటీర్లుగా పంపుతున్నారు, ఊళ్లలో టీచర్లుగా, ఆస్పత్రుల్లో సహాయకులుగా. మన దగ్గర ఏ పాలక పార్టీ యువజన విభాగం ఇలాంటి పని ఇన్నేళ్లు ఆపకుండా చేసింది? ఫ్లెక్సీలు కట్టడం, బైక్ ర్యాలీలు తీయడం తప్ప?

ఇంకోటి. స్వతంత్రం, స్వతంత్రం అంటున్నారు. 1966లో, సాంస్కృతిక విప్లవం అప్పుడు, ఆ తాడు వదిలేశారు కదా, ఏమైంది? యువజన సంఘమే మూతపడింది, రెడ్ గార్డులనే విద్యార్థి దళాలు సొంత టీచర్లనే కొట్టాయి. మళ్లీ సంఘం మహాసభ జరగడానికి 1978 దాకా ఆగాల్సొచ్చింది. ఆ గాయం ఉన్న పార్టీ యువతను అదుపులో పెట్టుకోవాలని చూడటంలో వింతేముంది? సోవియట్ పార్టీ యువజన సంఘం కొమ్సొమోల్‌ను చూడండి, 1980లలో నాలుగు కోట్ల మంది సభ్యులు, 1991లో పార్టీ కూలిపోతుంటే ఒక్కరూ వీధిలోకి రాలేదు. చైనా వాళ్లు ఆ చరిత్రను పాఠంలా చదివారు.

రాళ్లవాగు

సిల్కుదారి అన్నా, కొమ్సొమోల్ స్వతంత్రం ఎక్కువై పడిపోలేదే. అది మెట్ల నిచ్చెన అయినందుకు పడిపోయింది. ఖొదొర్కోవ్‌స్కీ ఎవరు? మాస్కోలో తన ఇన్‌స్టిట్యూట్ కొమ్సొమోల్‌లో ఉపనాయకుడు. గోర్బచోవ్ కాలంలో యువజన కేంద్రం పేరుతో వ్యాపారం మొదలుపెట్టి బ్యాంకు దాకా పోయిండు, రష్యాలోనే పెద్ద ధనవంతుడైండు. సమావేశాల్లో చప్పట్లు కొట్టినోడే ముందుగా దుకాణం తెరిచిండు. నాలుగు కోట్ల మందికి నమ్మకం లేదు, సభ్యత్వం ఉంది, అంతే.

ఇగ చైనా సంగతి. మీరు షెన్‌జెన్ అన్నరు కాబట్టి అదే ఊరి ముచ్చట చెప్తా. 2018 వేసవిలో పింగ్‌షాన్ దగ్గర జేసిక్ అనే వెల్డింగ్ యంత్రాల ఫ్యాక్టరీలో కార్మికులు యూనియన్ పెట్టుకోబోతే ఉద్యోగంలోంచి తీసేసిండ్రు, జులై చివర్లో అరెస్టులు చేసిండ్రు. వాళ్లకు మద్దతుగా ఎవరొచ్చిండ్రు? పెకింగ్ యూనివర్సిటీ, రెన్మిన్ యూనివర్సిటీ లాంటి చోట్ల మార్క్సిస్టు విద్యార్థి సంఘాల పిల్లలు. పార్టీ చెప్పిన పుస్తకాలే చదివి, అందులో రాసింది నిజమని నమ్మి, కార్మికుల పక్కన నిలబడ్డరు. ఆగస్టు 24న తెల్లారుజామున హుయ్‌జౌలో వాళ్లున్న ఇంటి మీద పోలీసులు పడి యాభై మంది దాకా పట్టుకపోయిండ్రు. అదే ఏడాది డిసెంబర్ 26న, మావో 125వ జయంతి నాడు, పెకింగ్ యూనివర్సిటీ మార్క్సిస్టు సంఘం అధ్యక్షుడు జయంతి కార్యక్రమానికి పోతుంటే దారిలోనే పట్టుకున్నరు.

ఒక్కసారి ఆలోచించండి. మావో పుట్టినరోజు చేసుకోబోయిన మార్క్సిస్టు విద్యార్థి. నేను పదేళ్లు విద్యార్థి సంఘంలో పనిచేసిన, రెండుసార్లు లాఠీ దెబ్బలు తిన్న, కానీ ఈ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలే.

కొత్తగా_వచ్చా

నాకు 19 ఏళ్లు, బీటెక్ రెండో ఏడాది, చాలా పదాలు అర్థం కావట్లేదు, తప్పుగా అనుకోకండి. మిత్ర వైరుధ్యం, శత్రు వైరుధ్యం అని ఇంకో థ్రెడ్‌లో చూశాను. ఇక్కడ దానికేమైనా సంబంధం ఉందా?

ఒంగోలు_మాస్టారు

తప్పేముందమ్మా, అసలు సంబంధం అక్కడే ఉంది.

ఒకే ఇంట్లో తండ్రీకొడుకులు పొలం అమ్మాలా వద్దా అని వాదించుకుంటారు. గొంతులు లేస్తాయి, రెండ్రోజులు మాటలుండవు, చివరికి ఒక దారి దొరుకుతుంది. అది మిత్ర వైరుధ్యం. పొలం కబ్జా చేయడానికి గూండాలతో వచ్చినవాడితో ఉండేది శత్రు వైరుధ్యం. రెండింటినీ విడదీయడం మీద మావో 1957 ఫిబ్రవరిలో పెద్ద ప్రసంగమే చేశాడు. ప్రజల మధ్య వచ్చే వైరుధ్యాలను చర్చతో, విమర్శతో, ఒప్పించడంతో తీర్చాలి, శత్రువుతో వ్యవహరించినట్టు చేస్తే తీరదు అన్నది సారాంశం. ఒకదాన్ని సరిగా చూసుకోకపోతే అది రెండోదిగా మారుతుందనీ చెప్పాడు. విచారం ఏమిటంటే అదే ఏడాది వేసవి నుంచి విమర్శించిన లక్షల మందిని రైటిస్టులుగా, అంటే విప్లవ వ్యతిరేకులుగా ముద్రవేశారు. సూత్రం చెప్పిన చేతే సూత్రాన్ని తుడిచేసింది.

రాళ్లవాగు చెప్పిన పిల్లలది ఏ వైరుధ్యం? నేనైతే ఇంట్లో పిల్లల వాదన అంటాను. దాన్ని గేటు బయటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడారు.

సిల్కుదారి గారు 1966 గుర్తు చేశారు. నిజమే, ఆ హింసను నేను ఏనాడూ సమర్థించను, మా తరంలో సమర్థించినవాళ్లతో అప్పుడే తగవు పడ్డాను. మా జిల్లాల్లో "చైనా చైర్మనే మా చైర్మన్" అని గోడల మీద రాసిన రోజులవి, మంచి చదువరులు ఎందరో ఆ గాలిలో కొట్టుకుపోయారు. కానీ రెడ్ గార్డులను లేపింది పైనుంచే, 1968 డిసెంబర్‌లో పల్లెలకు పొమ్మని పంపిందీ పైనుంచే. మొత్తం మీద కోటీ డెబ్బై లక్షల మంది పట్నం పిల్లలు పల్లెలకు వెళ్లారు. షీ జిన్‌పింగ్ కూడా 1969లో షాన్‌సీలోని లియాంగ్‌జియాహ అనే ఊరు వెళ్లి ఏడేళ్లు ఉన్నాడు. లేపడమూ ఆపడమూ ఒకే చేతిలో ఉంటే దాన్ని తాడు వదలడం అనలేం కదా.

సిల్కుదారి

ఆ చివరి మాట ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ 140 కోట్ల మంది దేశంలో ఏ ఫ్యాక్టరీ దగ్గరికి ఎవరు వెళ్లినా పర్వాలేదు అనలేరు. విద్యార్థులు వెళ్తారు, ఫొటోలు విదేశీ పేపర్లలో వస్తాయి, రేపు ఇంకొకరు వాడుకుంటారు. అధికారంలో ఉన్నవాడి టెన్షన్ బయట ఉన్నవాళ్లకు తెలియదు.

స్టెతస్కోప్

చాలా రోజులుగా చదువుతూ ఉన్నాను ఈ వేదికలో, ఇప్పుడే రాస్తున్నాను. నేను చైనాలో ఎంబీబీఎస్ చదివాను, 2016లో వెళ్లాను, 2020 జనవరిలో సెలవులకు ఇంటికి వచ్చి కరోనాతో మళ్లీ వెళ్లలేకపోయాను, మిగతాది ఆన్‌లైన్‌లో అయింది. యూనివర్సిటీ పేరు వద్దు లెండి.

విదేశీ విద్యార్థులకు హాస్టల్ వేరే ఉండేది, అక్కడి పిల్లలతో కలవడం తక్కువ. నాకు మాత్రం ఒక స్నేహితురాలు ఉండేది. నేను తనకు ఇంగ్లీషు, తను నాకు చైనీసు, క్యాంటీన్ రెండో అంతస్తులో కిటికీ పక్కన మా బల్ల. తను వాళ్ల క్లాసుకు యువజన సంఘం శాఖ కార్యదర్శి. అక్కడ ప్రతి క్లాసుకూ ఒక శాఖ ఉంటుంది.

2018 నుంచి వాళ్లకు ప్రతివారం ఫోనులో ఒక పాఠం వచ్చేది, "యువత మహా అధ్యయనం" లాంటి పేరు. ఐదారు నిమిషాల వీడియో, మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు, చివర్లో పూర్తయిందని ఒక బొమ్మ. ఆ బొమ్మను స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టాలి. మా స్నేహితురాలి పని ఏమిటంటే ముప్ఫై ఎనిమిది మంది స్క్రీన్‌షాట్లు లెక్కపెట్టి పైకి పంపడం. అన్నం ముందు పెట్టుకుని ఒక చేత్తో చాప్‌స్టిక్స్, ఇంకో చేత్తో ఫోను, పెదాలు కదుపుతూ లెక్క. ముప్ఫై ఆరు వచ్చాయి, ఇద్దరు మిగిలారు. ఆ ఇద్దరికీ ఫోన్ చేస్తే ఒకడు ఆటలో ఉన్నాడు, ఒకమ్మాయి నిద్రపోతోంది. వీడియో తెరిచి, పక్కన పడేసి, చివర్లో బొమ్మ తీసి పంపారు. అన్నం చల్లారిపోయింది.

తను చెడ్డ పిల్ల కాదు. పార్టీలో చేరాలని నిజంగా అనుకునేది. వాళ్ల తాతయ్య పాత సభ్యుడట, ఆయన గురించి చెప్తుంటే కళ్లు మెరిసేవి. ఒకరోజు నన్ను అడిగింది, మీ దేశంలో కమ్యూనిస్టులు అధికారం లేకుండా ఎందుకు చేరతారు అని. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నాకు రాజకీయాలు తెలియవు. కానీ తను చాలా సీరియస్‌గా అడిగింది.

మాస్టారు నిద్ర గురించి రాసింది చదివి ఇదంతా గుర్తొచ్చింది. ఆ నిద్రపోతున్న అమ్మాయి ముందు రాత్రంతా హాస్పిటల్ డ్యూటీలో ఉంది.

రాళ్లవాగు

అక్కా, ఇది రాసినందుకు దండాలు. ఇన్ని థ్రెడ్లలో నాకు దొరకని వివరం.

నేనూ లెక్కలు పంపిన. సభ్యత్వ పుస్తకాలు ఎన్ని తెగినయ్, జనరల్ బాడీకి ఎంతమంది వచ్చిండ్రు, పైకమిటీకి రిపోర్టు. అయితే మా ఊళ్లో ఎవడన్నా లేచి "నువ్వు చెప్పింది తప్పు" అంటే నేను జవాబు చెప్పాల్సి వచ్చేది, లేకుంటే మరుసటి మీటింగుకు ఎవ్వరూ రారు. అధికారం లేకపోవడం అట్ల మమ్మల్ని నిజాయితీగా ఉంచింది. మీ స్నేహితురాలికి ఆ అవసరమే లేకుండా పోయింది, స్క్రీన్‌షాట్ వస్తది కాబట్టి. గుడ్డుకు వేడి తగిలితే పిల్ల అయితది, రాయికి తగిలితే కాదు, మార్పుకు మూలం లోపలే ఉండాలని 1937లో చెప్పింది మావోనే కదా. ఈ స్క్రీన్‌షాట్ల పద్ధతిలో వేడి లెక్కనే కొలుస్తున్నరు. లోపల ఉన్నది గుడ్డా రాయా ఎవరూ అడుగుతలేరు.

కృష్ణలంక_చదువరి

నా నోట్సులో ఇంకో విషయం ఉంది, ఇక్కడ పెడితే బాగుంటుంది. 2014 మే 4న పెకింగ్ యూనివర్సిటీలో షీ జిన్‌పింగ్ ఒక పోలిక చెప్పారు. యువకాలంలో విలువలు ఏర్పడటం చొక్కా గుండీలు పెట్టుకోవడం లాంటిది, మొదటి గుండీ తప్పు కాజాలో పెడితే మిగతావన్నీ తప్పుతాయి అని. మొదటిసారి చదివినప్పుడు ఎంత బాగా చెప్పారు అనిపించింది, మా అమ్మ కూడా ఇలాగే చెప్తుంది.

తర్వాత ఆలోచిస్తే ఇందులో గతితర్కం ఎక్కడుంది అని అనుమానం వచ్చింది. చొక్కా కుట్టింది దర్జీ. గుండీ ఎక్కడ, కాజా ఎక్కడ అన్నది ముందే తేలిపోయింది, వేసుకునేవాడి పని వరస తప్పకపోవడమే. అదే 1957 నవంబర్‌లో మాస్కోలో చైనా విద్యార్థులతో మావో అన్నది వేరు. ప్రపంచం మీదీ మాదీ, కానీ చివరికి మీదే, మీరు పొద్దున ఎనిమిది తొమ్మిది గంటల సూర్యుడిలాంటివాళ్లు అన్నాడు. సూర్యుడి మాటలో కుర్రాడు కదిలేవాడు, వెలుగిచ్చేవాడు. గుండీ మాటలో సరిగా తయారు కావాల్సినవాడు. ఒకే పార్టీ, మధ్యలో 57 ఏళ్లు.

సిల్కుదారి

పోలికను మరీ లాగుతున్నావు తమ్ముడూ. సూర్యుడు అన్నవాళ్లనే పదకొండేళ్ల తర్వాత పల్లెలకు పంపేశారు, మాస్టారే చెప్పారుగా. గుండీ అన్నవాళ్ల కాలంలో ఇళ్లు, రైళ్లు, ఉద్యోగాలు వచ్చాయి. నేను తిరిగిన ఫ్యాక్టరీల్లో పాతికేళ్ల ఇంజినీర్లు మేనేజర్ ముందు నిలబడి డిజైన్ తప్పని ధైర్యంగా చెప్పేవాళ్లు. వాళ్లను చొక్కాలో ఇరుక్కున్న పిల్లలనడం అన్యాయం.

కృష్ణలంక_చదువరి

అన్నా, డిజైన్ తప్పని చెప్పే ధైర్యం ఉన్న పిల్లలకు పని గంటలు తప్పని చెప్పే చోటు ఎక్కడ అన్నదే కదా నా ప్రశ్న. ఉద్యోగాలు అన్నారు కాబట్టి లెక్క కూడా చూద్దాం. 2023 జూన్‌లో 16 నుంచి 24 ఏళ్ల పట్టణ యువతలో నిరుద్యోగం 21.3 శాతం. ఆ వేసవిలో డిగ్రీ పూర్తి చేసినవాళ్లు కోటీ 15 లక్షలకు పైనే. ఆగస్టులో ఆ లెక్క ప్రకటించడమే ఆపేశారు, చదువుకుంటున్నవాళ్లను తీసేసి కొత్త పద్ధతిలో లెక్కగట్టి మళ్లీ ప్రకటించేసరికి 2024 జనవరి వచ్చింది, డిసెంబర్ లెక్క 14.9 శాతం అని. లెక్కగట్టే పద్ధతి మార్చడానికి కారణాలు ఉండొచ్చు, నేను దాన్ని కుట్ర అనను. కానీ వైరుధ్యం ముదిరిన నెలల్లోనే దాన్ని కనిపించకుండా చేశారు. 2017లో పార్టీ 19వ మహాసభ కొత్త ప్రధాన వైరుధ్యాన్ని ప్రకటించింది, మెరుగైన జీవితం కావాలనే కోరికకూ, సమతూకం లేని చాలీచాలని అభివృద్ధికీ మధ్య అని. అది యువత విషయంలో కళ్లముందు నిలబడితే, చూసి మాట్లాడాల్సిన మొదటి సంస్థ యువజన సంఘం.

సభ్యత్వం కూడా 2012లో దాదాపు 9 కోట్లు ఉండేది, 2021 చివరికి 7 కోట్ల 37 లక్షలు. చేర్చుకునే పద్ధతి కావాలనే బిగించారు, అందుకే తగ్గింది. తక్కువమందైనా నాణ్యంగా ఉండాలన్న ఆలోచన నాకు నచ్చింది. ఆ నాణ్యాన్ని దేనితో కొలుస్తున్నారు అన్న దగ్గరే స్టెతస్కోప్ గారి స్నేహితురాలు కనిపిస్తోంది నాకు.

ఒంగోలు_మాస్టారు

ఒక్క మనిషి గురించి చెప్పి ఆపుతాను, చేతులు నొప్పెడుతున్నాయి.

హు యావోబాంగ్. చిన్నవయసులోనే విప్లవంలోకి వచ్చినవాడు, 1950లలో యువజన సంఘానికి నాయకుడు, తర్వాత పార్టీకే ప్రధాన కార్యదర్శి. విద్యార్థుల ఆందోళనల పట్ల మెత్తగా ఉన్నాడని 1987 జనవరిలో ఆ పదవి నుంచి తప్పించారు. 1989 ఏప్రిల్ 15న చనిపోయాడు. ఆయన కోసం ఏడవడానికి బీజింగ్‌లో తియానన్మెన్ చౌక్‌కు చేరిన విద్యార్థులతోనే ఆ వసంతపు విద్యార్థి ఉద్యమం మొదలైంది. యువజన సంఘం నడిపిన మనిషి పోతే పిల్లలు పూలు పట్టుకుని వచ్చారు, ఎవరూ స్క్రీన్‌షాట్ అడగలేదు. పార్టీ మనిషీ, యువత మనిషీ ఒకే శరీరంలో ఉండొచ్చని చూపించినవాడు ఆయన. నీ క్లాసులో ఆయన పేరు తప్పక చెప్పు.

స్టెతస్కోప్

నిన్న రాత్రి ఆ స్నేహితురాలికి మెసేజ్ పెట్టాను, రెండేళ్ల తర్వాత. రాజకీయాలు ఏమీ అడగలేదు, తనకు ఇబ్బంది కాకూడదని. శాఖ కార్యదర్శిగా ఉన్నప్పుడు నీకు బాగా గుర్తున్నది ఏమిటి అని మాత్రం అడిగాను.

ఇప్పుడు తను ఒక చిన్న పట్నంలో ఆస్పత్రిలో పనిచేస్తోంది, పార్టీ సభ్యురాలు అయింది. జవాబు పొద్దున వచ్చింది. మూడో ఏడాదిలో క్లాసులో ఒకబ్బాయి తండ్రి భవన నిర్మాణం దగ్గర పడిపోయి చనిపోతే, కాంట్రాక్టరు డబ్బు ఇవ్వనంటే, వీళ్లు పన్నెండు మంది శాఖ మీటింగు పెట్టుకుని, లా చదివే ఇద్దరిని పట్టుకుని కాగితాలు రాయించి, ఆ ఊరికి రైల్లో వెళ్లి మూడ్రోజులు కూర్చున్నారట. పైనుంచి ఎవరూ చెప్పలేదు, ఎవరికీ రిపోర్టు పంపలేదు. డబ్బు పూర్తిగా రాలేదు, కొంత వచ్చింది. ఆ అబ్బాయి చదువు ఆగలేదు. "ఆ మూడు రోజులే నేను నిజంగా కార్యదర్శిని" అని రాసింది.

ఇది మీ క్లాసులో చెప్పొచ్చు చదువరి గారూ, ఊరి పేరు, కాలేజీ పేరు మాత్రం వద్దు.

కృష్ణలంక_చదువరి

అక్కా, దాంతోనే మొదలుపెడతాను. 1953 మాట ఆ తర్వాత చదువుతాను, అప్పుడు "స్వతంత్రమైన పని" అంటే ఏమిటో పిల్లలకు విడిగా చెప్పాల్సిన పని ఉండదు. జేసిక్ విషయం, హు యావోబాంగ్ విషయం రెండోభాగంలో. సిల్కుదారి అన్నా, ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు మీరు విజయవాడలో ఉంటే రండి, హోప్ ప్రాజెక్టు గురించి మీరే చెప్పాలి, నాకంటే మీకే బాగా తెలుసు.

సిల్కుదారి

శనివారం రాత్రి బండికి టికెట్ చూస్తున్నాను. ఆ పన్నెండు మంది మాట నాకూ తగిలింది, అయినా 1966 గురించి నేను అన్నది అక్కడా అంటాను, మరి మాట్లాడనిస్తారుగా?

కృష్ణలంక_చదువరి

మాట్లాడండి అన్నా, మీకు ఇరవై నిమిషాలు పెట్టాను.